ఒక్కసారే అడిగిన పెద్దరికం

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఉండిపోయినవాళ్ళు: నెలకొకసారి కొండ కిందనుంచి బైకు మీద వచ్చే పాస్టరుగారు, ముప్పై మందికి పైగా సంఘస్థులు, నేను. ఉన్నవి: రేకుల షెడ్డు, చాపలు, నేనే బాగుచేసిన ఆంప్లిఫయరు, ఖాళీ అయిన రొట్టె పళ్ళెం. బయట సిల్వర్ ఓక్ చెట్ల కింద అన్నం, పప్పు సిద్ధంగా ఉన్నాయి.

పని ఒకటే. సంఘానికి పెద్దల్నీ పరిచారకుల్నీ ఏర్పాటు చేసుకోవాలి. పాస్టరుగారు తేడా చెప్పారు. పెద్దలు వాక్యం బోధించాలి, సంఘాన్ని కాపలా కాయాలి, రోగి పిలిస్తే వెళ్ళి నూనె రాసి ప్రార్థించాలి. పరిచారకులు వడ్డన, విధవరాళ్ళ అవసరాలు, షెడ్డు బాగోగులు చూడాలి. ఇద్దరు పెద్దలుంటే తాను రాలేని నెలల్లో కూడా ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చుకోవచ్చన్నారు. ఒక్కరైతే కుదరదన్నారు. వానలు పడితే వాగు దాటి బైకు రాదు.

మా వీధి చివరి తాతకు ఈ మాట కొత్త కాదు. పోయిన వానాకాలం ఆయన అక్క బల్ల కావాలని అడుగుతూ అడుగుతూనే పోయింది. ఇవ్వడానికి ఎవరికీ అధికారం లేదు. అప్పటినుంచి ఆయనకు పెద్ద కావాలని ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు. పాస్టరుగారికి తెలియదు.

"తాతగారూ, ఈ పని కోరుకోవడం మంచిదేనని లేఖనమే చెబుతోంది. మీరు కోరుకుంటున్నారా?"

"నానేటి, పెద్దరికమేటి అయ్యగోరూ. నానొల్లను."

పాస్టరుగారు తలూపి పక్కనున్న కాఫీ తోట మామను అడిగారు. ఆయనా ఒల్లనన్నాడు. మూడో మనిషీ అంతే.

మా ఊళ్ళో పెద్దరికం ఇస్తామంటే రెండుసార్లు కాదని, మూడోసారి ఒప్పుకోవాలి. పిల్లనడగడానికి వచ్చినా అంతే. మొదటి పిలుపుకే లేచినవాణ్ణి ఆశపోతు అంటారు. పనికి పిలిస్తే మాత్రం వేరు. అక్కడ కాదనడమే తప్పు. అందుకే పరిచారకులెవరని అడగగానే ఏడు చేతులు లేచాయి. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. పాస్టరుగారు కాసేపు ఆలోచించి, అందరినీ ఉంచారు. పెద్దల విషయం వచ్చే ఏడు చూద్దామని ప్రార్థన ముగించారు.

అందరూ అన్నాల దగ్గరికి కదిలారు. తాత భార్య ఆయన ముందు ఆకు పరుస్తూ అంది:

"ఏటయ్యా, మళ్ళీ అడుగుతాడని సూత్తన్నావా? ఆ గుంటడు కిందోడు. ఆడికేటి తెలుసు మన మరేద."

"నువ్వూరుకోయే."

"ఊరుకుంటే నీ అక్క లేసొస్తాదేటి?"

ఆయన ఆకు మీద నీళ్ళు చల్లి, చేయి అక్కడే ఉంచేశాడు.

నేను పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఇష్టం లేని మనిషి తలమీద చేతులుంచి పెద్దగా ఎలా నియమించను?"

"ఇష్టమే అయ్యగారూ. ఇంకో రెండుసార్లు అడగండి."

ఆయన మబ్బు వైపు చూసి, చేయి కడుక్కుని వచ్చి తాత ముందు కూర్చున్నారు. అడిగారు. తాత ఒల్లనన్నాడు. పాస్టరుగారు నావైపు చూశారు. మళ్ళీ అడిగారు. తాత తల వంచాడు.

"నోటితో చెప్పాలి తాతగారూ."

"బేగి సెప్పీయయ్యా," అంది భార్య. "అన్నం సల్లారిపోతంది."

"మీరు మూడుసార్లు అడిగినారు గదా," అన్నాడు తాత. "సేత్తాను."

వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు దించి నిలబడ్డారు. పాస్టరుగారు అక్కడే, ఆకుల మధ్యనే, ఆయన తలమీద చేతులుంచి ప్రార్థించారు. తర్వాత కాఫీ తోట మామ కోసం చూశారు. పాస్టరుగారు ఒక్కసారే అడిగి, తనను దాటి పక్కవాణ్ణి అడగడం ఆయనకు చిన్నతనమనిపించి, అన్నం కూడా తినకుండా కొండపైకి వెళ్ళిపోయాడట. మూడో మనిషి ఆయన తమ్ముడు. అన్న లేకుండా తాను ఒప్పుకోనన్నాడు. చినుకులు మొదలయ్యాయి. వాగు పొంగకముందే దిగిపోవాలని పాస్టరుగారు బైకు తీశారు.

నాలుగు రోజులకు వాగు నిండింది. ఆ ఏడు వానాకాలానికి మా సంఘంలో పరిచారకులు ఏడుగురు, పెద్దలు ఒక్కరు.