సగం తెగిన కొమ్మ

హైదరాబాదులో మేము కిరాయికి ఉన్న గల్లీ మొదట్లో ఒక చింతచెట్టు ఉంది. ఎంత పాతదో ఎవరికీ తెలియదు. నవాబులకంటే ముందుదని గల్లీవాళ్లు గొప్పలు పోతారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడా దాన్ని కొట్టలేక రోడ్డునే వంకర తిప్పారు. నాకు దాని వయసుతో పని లేదు. ఒక్క కొమ్మతోనే పని.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మేకలే మా బతుకు. బాపు మేకలు అమ్మడానికి పట్నం వచ్చినప్పుడల్లా ఆ చెట్టు కిందే పడుకునేవాడు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో అమ్మనూ, తన తల్లి అయిన అవ్వనూ, నన్నూ పట్నం పంపుతూ, "గా పెద్ద చింత కాడనే ఉండుండ్రి. మందను అమ్మి నేనే వస్త" అన్నాడు. ఆ మాట పట్టుకుని చెట్టు కనబడే గదిలో దిగాం.

పోలీస్ యాక్షన్ అయింది. పట్నం వచ్చినవాళ్లంతా ఊళ్లకు మళ్లారు. బాపు మాత్రం రాలేదు. కమ్యూనిస్టు సంఘంవాళ్లకు అన్నం పెట్టాడని మిలిట్రీ పట్టుకుపోయిందని ఒకరు, అడవిలోకి పోయాడని ఇంకొకరు అన్నారు. మరుసటి ఏడు మా పాలివాళ్లలో పెద్దాయన ఊరి నుంచి వచ్చి, ఇక ఆశ వదులుకొమ్మని, కర్మ చేసి అమ్మ గాజులు తీయించాలని తేల్చేశాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. నాకు ఒళ్లు మండి ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్లకు పోయిన అవ్వ తిరిగొచ్చి, అందరినీ చెట్టు దగ్గరికి తీసుకుపోయింది. కిందికి వాలిన కొమ్మ ఒకటి సగం తెగి వేలాడుతోంది. పట్నంవాళ్లకు అది పోకిరీల పని. మేకలవాళ్లు కొమ్మను పూర్తిగా నరకరు. సగానికి కోసి వంచుతారు. మేక ఆకు తింటుంది, మిగిలిన బెరడుతో కొమ్మ బతుకుతుంది. పైగా ఆ వేటు వాలు చూస్తే ఎడమచేత్తో వేసిందని తెలిసిపోతోంది. బాపుది ఎడమచేతి వాటం.

"గిది నా కొడుకు ఏటు. పోలీసుల భయానికి ఇంట్లకు రాలే గని, బతికే ఉన్నడు. గాజులు తియ్యకు బిడ్డా" అంది అవ్వ అమ్మతో.

పెద్దాయనా మేకల మనిషే. కొమ్మను తిప్పి చూశాడు, అవ్వ మొహం చూశాడు, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కడుపునిండా తిన్నాం.

బాపు రాలేదు. మళ్లీ ఏ కొమ్మా తెగలేదు. అమ్మ గాజులతోనే పోయింది.

కొమ్మ మాత్రం వంగినచోటే లావెక్కింది. ఇప్పుడు దాని మీద పిల్లలు ఊగుతారు. మొన్న నా మనవరాలు ఎడమచేత్తో ఉల్లిగడ్డ కోస్తూ, ఈ వాటం తనకు ఎవరి నుంచి వచ్చిందని అడిగింది. మా బాపు నుంచని చెప్పాను. బాపుకెవరిదని మళ్లీ అడిగింది. అవ్వదని చెప్పబోయి ఆగిపోయాను. కూర తరిగినా, కొడవలి పట్టినా అవ్వది ఎడమచెయ్యే. రోజూ చూసినదాన్నే, ఎన్నడూ ఆ కొమ్మతో కలిపి చూడలేదు.

అమ్మ అవ్వతో ఒకే పొయ్యి దగ్గర బతికిన మనిషి. ఆమెకు ఆ పొద్దునే తెలిసి ఉంటుంది. తెలిసీ గాజులు తీయలేదు.