అంటులక్క కట్టిన తోటలు

ఆ నారింజ తోటల ఊళ్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ అంటులక్కే. తాత అరటినారతో అంటు కట్టేవాడు, తండ్రి గోనె దారంతో కట్టాడు, ఆమె చేతికి వచ్చేసరికి ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. పని మాత్రం మారలేదు. గింజ నుంచి మొలిచిన గట్టి మొక్క బెరడును కత్తి మొనతో చీరాలి. మంచి కాయ కాసే చెట్టు నుంచి ఒక మొగ్గ తీసి ఆ చీలికలో దూర్చాలి. గాలి చొరకుండా చుట్టెయ్యాలి. తండ్రి ఈ విద్య కొడుక్కి నేర్పాలని చూశాడు గానీ, వాడికి కుదురు లేక లారీ ఎక్కాడు. కత్తి కూతురికి దక్కింది. ఆమె కట్టిన అంటు పట్టకపోవడం అరుదు.

పెళ్లయిన కొన్నాళ్లకే భర్త జ్వరంతో పోయాడు. అతని అక్క మాత్రం ఆమెను వదులుకోలేదు. "తమ్ముడు పోతే నువ్వు పరాయిదానివైపోతావా? నా తోటలోనే ఉండు," అంది. అప్పటి నుంచి వదినామరదళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరి జుట్టు చిక్కు ఒకరు తీసుకుంటూ, పొద్దున పోట్లాడుకుని మధ్యాహ్నానికి మర్చిపోతూ బతికారు. వదినది పెద్ద నోరు. "మా మరదలు మంచం కోడుకి అంటు కట్టినా చిగురేస్తుంది. అందుకే దాన్ని మంచాల దగ్గరికి రానివ్వను," అని ఊరంతా చెప్పి నవ్వించేది.

ఒక ఏడాది అంటులక్క తమ్ముడు ఎక్కడో దూరం నుంచి లారీలో ఒక నారింజ పండు తెచ్చాడు. పలచని తొక్క, నోట్లో వేసుకుంటే కరిగిపోయే తొన. అంటులక్క తిని, తొక్కను కూడా వాసన చూసింది. "ఒరేయ్, ఈసారి వెళ్లినప్పుడు ఆ చెట్టు కొమ్మలు నాలుగు తీసుకురా. తడిగుడ్డలో చుట్టి జాగ్రత్తగా తే," అంది. తెచ్చాడు. మొదట వదిన తోటలోనే కట్టింది. అవి కాపుకొచ్చాక ఊరంతా ఆమె గుమ్మం ముందు నిలబడింది. పాత చెట్లు పీకేసి మరీ ఆ రకం వేయించుకున్నారు. ఏళ్ల తరబడి ఆమె వంచిన నడుము ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక ఎండాకాలంలో వదిన తోటలో ఒక చెట్టు నిలువునా వాడిపోయింది. కాయలు వేలాడుతూనే ఉన్నాయి, ఆకంతా రాలింది. అంటులక్క పాదు తవ్వి నీళ్లు పెట్టింది, ఎరువు వేసింది, ఎండిన కొమ్మలు కోసి కోతల మీద మందు పూసింది. ఈలోగా పక్క చెట్టు వాడింది. దాని పక్కదీ వాడింది.

కబురు పెడితే పట్నం నుంచి మొక్కల డాక్టరు వచ్చాడు. అంటు అతికిన చోట బెరడు ఒలిచాడు. లోపలి కట్టె నిండా సూదితో పొడిచినట్టు గుంటలు.

"ఈ కొమ్మలు ఎక్కణ్నించి తెచ్చారమ్మా?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. ఆయన తల దించుకున్నాడు. "అక్కడి తోటలు ఎప్పుడో పోయాయి. జబ్బు ఆ కొమ్మల్లోనే వచ్చింది. మీరు కట్టిన చెట్ల నుంచి మిగిలిన పాత చెట్లకి పేనుబంక పురుగు పాకించింది."

"మందు చెప్పు బాబూ. ఎంత కష్టమైనా చేస్తాను."

"మందు లేదమ్మా. కొట్టి కాల్చెయ్యడమే."

ఊళ్లో నారింజ చెట్టన్నది మిగలకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కాయలు పెట్టెల్లో సర్దే షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి డాక్టరు ఆ సంగతి చెప్పాడు. జబ్బు ఎలా వచ్చిందో చెప్పాడు గానీ, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పలేదు. వెనక వరసలో నుంచి అంటులక్క లేచింది.

"కొమ్మలు తెప్పించింది నేను. కట్టింది నేను. అందరి తోటల్లోనూ నేనే కట్టాను," అంది.

అందరికంటే ముందు వదినే లేచింది. "నమ్మి తోట నీ చేతిలో పెట్టానే! నా అన్నంలో విషం కలిపినా బాగుండేది, నేనొక్కదాన్నే పోయేదాన్ని," అని బయటికి నడిచింది. ఆ సాయంత్రమే మరదలి బట్టలు, కత్తి, మంచం తీసుకెళ్లి అంటులక్క తమ్ముడి ఇంటి ముందు దింపించింది.

రంపాలు వదిన తోటతోనే మొదలుపెట్టాయి. అంటులక్క లోపలికి వెళ్లబోతే వదిన గేటు అడ్డంగా నిలబడింది. ఇక ఆమె కంచె అవతల మట్టిలో కూలబడి, చివరి చెట్టు పడేదాకా చూసింది. పచ్చి ఆకు కాలుతున్న పొగకి కళ్లు మండుతున్నా తుడుచుకోలేదు. తమ్ముడు వచ్చి భుజం పట్టుకున్నాడు.

"పద అక్కా."

"నాన్న ఉంటే ఈ చేతులు నరికేసేవాడురా."

"నాన్నా ఇలాగే తెచ్చేవాడు, తాతా ఇలాగే తెచ్చేవాడు. ఎవడో ఒకడు ఎక్కణ్నించో కొమ్మ తేబట్టేగా మనకి నారింజ వచ్చింది? తెచ్చింది నా లారీయేగా! నన్నేమనాలి మరి?"

ఆమెకి ఆ మాట ఎక్కలేదు. రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద నోటి దాకా వెళ్లేది కాదు. షెడ్డు మూతపడింది. మోయడానికి కాయలు లేక తమ్ముడు వేరే ఊళ్లకి బండి నడపడానికి పోయాడు. తోటలున్న చోట జనం మొక్కజొన్న చల్లారు.

మొక్కల డాక్టరు మళ్లీ వచ్చాడు. గింజలోకి ఈ జబ్బు దిగదనీ, ఊరి చివర వేసిన, పురుగు దూరని వల షెడ్డులో గింజల నుంచి మొక్కలు పెంచుతున్నారనీ చెప్పాడు. "మీరొచ్చి చూసుకోవాలి," అన్నాడు.

"గింజ చెట్టు కాపుకి ఎనిమిది పదేళ్లు. ఈ వయసులో అప్పటిదాకా నేనుంటానా?"

"ఉండకపోవచ్చమ్మా."

అబద్ధమాడలేదని కాబోలు, ఆమె లేచి కూర్చుంది. ఆశ పుట్టి కాదు, ఆ గోడను ఇంకొక్క రోజు చూడలేక వెళ్లింది. నారు బాగానే ఎదిగింది. తీసుకెళ్లడానికి మాత్రం ఊళ్లో ఒక్కరూ రాలేదు. సంచుల్లో వేళ్లు చుట్టలు చుట్టుకుంటుంటే పెద్ద సంచుల్లోకి మార్చుకుంటూ కూర్చుంది.

ఒక మధ్యాహ్నం వదిన వచ్చి వల అవతల నిలబడింది.

"ఇవీ చస్తాయా?"

"తెలీదు వదినా."

వదిన ఒక్క మొక్కా అడగలేదు. అడిగితే అంటులక్క ఇచ్చేదో లేదో. కానీ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. వల బయట బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మొక్కజొన్న మీద పడే చిలకల్ని తిట్టేది. అంటులక్క లోపల సంచుల్లో మట్టి నింపుతూ ఊఁ కొట్టేది. తోట మాట ఇద్దరూ ఎత్తలేదు. మొక్కల తొలి పూత రాకముందే అంటులక్క పోయింది. ఆ పొద్దు కూడా వదిన అలవాటుగా వచ్చి, చాలాసేపు చిలకల్ని తిట్టి, లోపలి నుంచి ఊఁ వినపడక లేచి చూసింది.