“వాడికే ఇవ్వు” అన్న మా కోచ్

మంగళవారం పొద్దున సింగపూర్‌లోని తువాస్‌లో పని లారీ ఎక్కుతుంటే ఫోనొచ్చింది. మా కోచ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. సాయంత్రం మా శ్రీకాకుళం వెల్డరు నా గది ముందు నిలబడ్డాడు. “అన్నా, ఆయన గురించి రాత్తే ఆ ఫైనల్ సంగతి మట్టుకు రాయకు. నా వల్లే పెద్దాయన పరువు పోనాది.”

రాస్తాను తమ్ముడూ. అదే రాస్తాను.

ఆయన జర్మనీలో రెండో శ్రేణి ఫుట్‌బాల్ జట్టుకు డిఫెండర్‌గా ఆడిన మనిషి. ఆట మానేశాక కోచ్‌గా సింగపూర్ వచ్చారు. ఇక్కడి ఒక క్లబ్బు కొన్నాళ్లు పెట్టుకుని తీసేసింది. ఆయన పద్ధతి వాళ్లకు గిట్టలేదు. తప్పు చేసిన ఆటగాణ్ణి ఆయన బయటికి లాగరు. తర్వాతి బంతి అతనికే అందించమంటారు. పద్ధతి మార్చుకోలేదు, తిరిగి వెళ్లిపోనూ లేదు. ఆదివారాలు మా డార్మిటరీవాళ్లకు ఆట నేర్పారు. తెలుగులో ఆయనకు వచ్చిన మాట ఒక్కటే. గీత పక్కన నిలబడి అరిచేవారు: “వాడికే ఇవ్వు!”

ప్రార్థన ముగించి, బైబిలు చంకన పెట్టుకుని వెళ్లి చూసేవాణ్ణి. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. కానీ ఆ అరుపు విన్నాక యేసు శిష్యుడు పేతురు నాకు అర్థమయ్యాడు. ప్రభువును ఎరగనని బొంకినవాడికే గదా మందను అప్పగించింది!

డార్మిటరీల పోటీ ఫైనల్లో వెల్డరు పొరపాటున బంతిని మా గోల్‌లోకే కొట్టాడు. ఆఖర్లో మాకు పెనాల్టీ దొరికింది. అది పడితే స్కోరు సమం. కోచ్ వేలు అతనివైపే చూపింది.

“నా వల్ల కాదు సార్, నన్నొగ్గీండి.”

మా కరీంనగర్ గోల్‌కీపర్ ఊరుకుంటాడా? “అరే, గోల్ ఏ దిక్కున్నదో జర చూపియ్యుండ్రి వానికి!”

“వాడికే ఇవ్వు!”

కొట్టాడు. బంతి కంచె దాటిపోయింది. ఓడిపోయాం.

ఇదిగో, రాసేశాను. ఎవరి పరువు పోయింది? గెలిపించేవాణ్ణి నమ్మడం ఎవరికి చేతకాదు? ఆయన్ని తీసేసిన క్లబ్బునూ అడుగుతున్నాను. తమ్ముడూ, నిన్నూ అడుగుతున్నాను. నిన్ను ఎంచుకున్నది ఆయన. ఆ ఎంపిక తప్పని చెప్పడానికి నువ్వెవరు?

ఫైనల్ అయిన సాయంత్రం టాక్సీ పిలుస్తామన్నా వినకుండా ఆయన మా లారీ వెనకే ఎక్కారు. ఒకప్పుడు ఆట మాన్పించిన మోకాలు మడత పడదు. చాపుకోవడానికి చోటు లేదు. నువ్వే ఆ కాలు నీ ఒళ్లో పెట్టుకున్నావు. లారీ కుదిపినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నావు. ఆయన బూటు బురదంతా నీ జెర్సీకి అంటుకుంది. తువాస్ వచ్చేదాకా నువ్వు వదల్లేదు, ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు.