సోమవారం స్నాప్‌షాట్

కుసుమకుమారి ఎవరి మాటనూ ఊరికే నమ్మదు. గ్యాస్ సిలిండర్ దింపినవాణ్ణి ఆపి తూకం వేయించుకుంటుంది. "నన్నూ అట్టాగే తూచి చేసుకుంది" అంటాడు భర్త శివాజీ. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఒక నీటి వాడకందారుల సంఘంలో పదకొండేళ్లుగా ఆమె కంప్యూటర్ ఆపరేటర్. ఏ తూముకు ఎన్ని అంగుళాల నీరు పారిందో నీటిమట్టం కొలిచే గేజీల నుంచి గంటగంటకూ వచ్చే రీడింగులు ఆమె చూసుకునే డిస్కులో చేరుతాయి.

రోజూ సాయంత్రం అయిదున్నరకు ఆ డిస్కుకు స్నాప్‌షాట్ తీసి ఇంటికి పోతుంది. ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచే నకలు అది; తెరిచి చూడొచ్చు గానీ అందులో ఎవరూ ఏమీ దిద్దలేరు. తర్వాత ఎవరైనా పాత రీడింగును దిద్దితే, దిద్దకముందున్న ముక్కను దాచుకుని ఆ మేరకు లావెక్కుతుంది. ఎవరూ ముట్టుకోకపోతే దాదాపు చోటే తీసుకోదు.

సోమవారం పగలు చివరి తూము వంతు. బుధవారం ఆ తూము రైతు సూగప్ప వచ్చి గొడవపడ్డాడు.

"మా పొలంల కాళ్లు తడవలే. మీ డబ్బాల ఇరవై అంగుళాలు ఎట్ల పారినయమ్మా?"

వరి పొట్ట మీద ఉంది. నీరు పారినట్టే రికార్డుంటే ఇంకో పదిహేను రోజులు వంతు రాదు. అప్పటికి మిగిలేది గడ్డే.

గురువారం సంఘం అధ్యక్షుడు శివరామకృష్ణయ్య వచ్చారు.

"అమ్మాయ్, డిస్కు నిండిపోయిందంట కదా. ఆ పాత స్నాప్‌షాట్లు తీసిపారెయ్యరాదూ?"

"నిండిందని ఎవరన్నారు బాబాయ్ గారూ?"

"ఎవరో అన్నార్లే. చెప్పింది చెయ్యి."

డిస్కు సగానికి పైగా ఖాళీ. ఇన్నేళ్లలో స్నాప్‌షాట్ అనే మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఆయన మెట్లు దిగగానే జాబితా తెరిచింది. అన్నీ సన్నగా ఉన్నాయి. సోమవారానిది మాత్రం వాటికి నలభై రెట్లు. తెరిచి చూస్తే అందులో చివరి తూముకు పారింది మూడంగుళాలే.

పాస్‌వర్డ్ తెలిసింది ముగ్గురికి: ఆమెకు, అధ్యక్షుడికి, గేజీలు చూసే అంబరీశ్‌కు. ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే సమాధానం తయారు చేసుకుంటారు.

శుక్రవారం మీటింగుకు సూగప్పనూ పిలిపించి, స్నాప్‌షాట్‌లోని మూడు ఒకదాని మీద, ఇప్పటి డిస్కులోని ఇరవై ఇంకోదాని మీద అచ్చు తీసిన రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. శివరామకృష్ణయ్య ఆశ్చర్యపోలేదు.

"గేజీ తప్పు చూపిందేమో. సరే, డిస్కును సోమవారానికి వెనక్కి తిప్పెయ్. గొడవ వదిలిపోద్ది."

"తిప్పితే ఆ తర్వాతదంతా పోద్దండీ. ఎప్పుడు దిద్దారో ఆ జాడా పోద్ది. నేను తిప్పను. ఆ స్నాప్‌షాట్‌నూ ఇప్పుడున్నదాన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టాను."

సూగప్ప కాగితాన్ని తిరగేసి చూశాడు. "ఇది గూడ నువ్వే కొట్టి తెచ్చినవేమో, ఎవరికెరుక?"

ఆ మాట ఆమెకు నచ్చింది. అతణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సోమవారం స్నాప్‌షాట్ తెరిచింది. "ఆ మూడును మార్చు చూద్దాం."

సూగప్ప చూపుడువేలితో మీటల మీద పొడిచాడు. మూడు మూడుగానే ఉంది.

చివరి తూముకు శనివారం మరో వంతు ఇస్తున్నట్టు రాసుకున్నారు. ఎవరు దిద్దారన్నది మాత్రం రాయలేదు.

"ఇప్పుడైనా నమ్మావా?" అంది సూగప్పతో.

"నీళ్లు రానియ్యమ్మా. అప్పుడు చూస్తం."

శనివారం సాయంత్రం రీడింగు పద్దెనిమిది చూపింది. కుసుమకుమారి సూగప్పకు ఫోన్ చేసింది.

"తూము కాడనే నిలబడ్డ" అన్నాడు. "మోకాలుదాంక ఉన్నయి."

అప్పుడు తీసింది ఆ రోజు స్నాప్‌షాట్.