ఒక ఖోకా తగ్గింది

ముప్ఫై ఒక్క ఏళ్ళు సాయుధ పోలీసులో తుపాకీ మోసిన వీరస్వామి, ఇప్పుడు యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర లాఠీ మోస్తున్నాడు. భుజం నొప్పి మాత్రం తుపాకీ నాటిదే. సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చి గేటు తాళం తీసేసరికే రోజంతా అయిపోయినట్టుంటుంది.

హాస్టల్లో ఉండే ధరణికి అది తెలుసు. వచ్చినప్పుడల్లా ముందు ఆయన కుర్చీని నీడలోకి జరిపేది, తర్వాతే మాట.

"తాతా, సాకేత్ మళ్ళ తిప్పి పంపిండు. గీసారి బాగలేకుంటే తుపాకుల పని ఇంకొకళ్ళకిస్తడంట."

సాకేత్, ధరణి, ఇంకో ఇద్దరు స్నేహితులు పూజ, మనోజ్ కలిసి ఒక ఆట తయారు చేస్తున్నారు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పోలీసు పాత్రై, పాచికలేస్తూ మాటలతోనే కథ నడిపే ఆట. తుపాకుల నియమాలు ధరణి వంతు. ఎంత రాసినా అవి బొమ్మ తుపాకుల్లాగే ఉన్నాయంటాడు సాకేత్.

వీరస్వామి కాగితం చూశాడు. "గింత దూరం, గింత దెబ్బ. సరే బిడ్డా. కాల్చినంక?"

"కాల్చినంక ఏముంటది? అవతలోడు పడ్తడు."

"అవతలోని ముచ్చట కాదు, కాల్చినోనిది చెప్పు."

పేలిన తూటా ఖాళీ డొల్లే ఖోకా. ఎన్ని తూటాలు తీసుకుంటే అన్ని ఖోకాలు అప్పజెప్పాలి. ఒకసారి ప్రాక్టీసులో వీరస్వామిది ఒకటి తగ్గింది. ఎండలో గడ్డి మీద పాకుతూ వెతుకుతుంటే, తోటి కానిస్టేబుల్ శామ్యూల్ తింటున్న డబ్బా మూసి వచ్చి పక్కన వంగాడు. ఆ వెనకే పదిమంది.

"తిట్టుకుంటనే దేవులాడిన్రు. దేవుడు గట్లనే పంపుతడు మనుషులను. పొద్దుగూకినంక దొరికింది. శామ్యూల్ బూటు కిందనే ఉన్నది!"

ధరణి నవ్వి, కాగితం మీద చాలా కొట్టేసింది.

ఆదివారం తార్నాకలో, టీకొట్టు వెనక బల్ల దగ్గర ఆడి చూశారు. ధరణి వీరస్వామినీ ఆటోలో తీసుకెళ్ళింది. మొదటి తూటా పూజ కాల్చింది. దొంగ పారిపోతున్నాడు, ఖోకా మాత్రం పాచికకు దొరకడం లేదు. ధరణి రాసిన కొత్త నియమం ప్రకారం అది దొరకందే ఆమె కదలకూడదు.

"నీ తుపాకి పాడుగాను! వాడు పోతున్నడు!" అని మనోజ్ మొత్తుకున్నాడు.

సాకేత్ పాచిక అందుకున్నాడు. "పోనీరా. నా వంతు వదులుకుంట. పూజతోని నేను కూడ వెతుకుత." పాచిక వేశాడు. దొరకలేదు. గొణుక్కుంటూ మనోజ్ కూడా వంగాడు.

"సారూ, మీ బూటు కింద చూసిన్రా?" అన్నాడు వీరస్వామి.

"ధరణీ, తుపాకుల పని నీదే. ముందు గీ ఖోకా దొరకనియ్యి," అంటూ సాకేత్ మళ్ళీ పాచిక అందుకున్నాడు.

బల్ల మీదికి ఎండ వచ్చింది. ఎవరో వీరస్వామి కుర్చీని వెనక నుంచి నీడలోకి జరిపారు. ఎవరని తిరిగి చూడటానికి ఆయనకు మెడ సహకరించలేదు.