ఎదురు చెప్పే గది

బస్సు డిపోలో అందరూ ఆయన్ని సీట్లాయన అనేవారు. చిరిగిన సీట్లు విప్పి, కొత్త ఫోమ్ నింపి, పైన రెక్సిన్ బిగించి కుట్టడం ఆయన పని. ఎదుటివాళ్ళు ఎంత మాట్లాడినా ఆయన నుంచి వచ్చేది ఒక్క "ఊఁ". ఆయన భార్యకు మాత్రం నోరు ఊరుకునేది కాదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి, లైబ్రరీకి ఇచ్చేది. అందుకోసం వెనక గదిని ఆయనే సిద్ధం చేశాడు.

మొదట ఎవరో చెప్పారని కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడల నిండా అంటించాడు. ఆమె గది మధ్యన నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు ఖంగుమని తిరిగొచ్చింది.

"గది ఎదురు చెబుతోంది," అంది. "పోనీలెండి, మీరెలాగూ నాకు ఎదురు చెప్పరు. ఆ లోటు ఇది తీరుస్తోంది."

ఆ ఇంట్లో అప్పట్నుంచీ అదే మాట స్థిరపడిపోయింది. ఆయన అట్టలు పీకేసి, చెక్కలతో తలుపంత చట్రాలు చేశాడు. వాటిలో పాత ఉన్ని దుప్పట్లు మడతలు పెట్టి, డిపోలో పారేసిన ఫోమ్ ముక్కలు సందుల్లో కూరి, పైన పల్చటి గుడ్డ లాగి కుట్టాడు. గోడకు ఆనకుండా బెత్తెడు ఎడం ఉంచి తగిలించాడు. ఎండ ముదిరితే ఆ చట్రాల్లోంచి బస్సు వాసన వచ్చేది.

"టికెట్ అడిగేవాళ్ళు లేరు గానీ, ఎక్కి కూర్చున్నట్టే ఉంది," అనేది ఆమె.

ఓ లావుపాటి నవల చదువుతూ, చివరి రెండు అధ్యాయాలు ఉండగా ఆమె పోయింది. ఆయనకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశారు ఇంట్లోవాళ్ళు. ఆయన డిపోకు వెళ్ళేవాడు, వచ్చేవాడు, పెడితే తినేవాడు. పెట్టడం మరిచిపోతే అదీ గమనించేవాడు కాదు.

లైబ్రరీ నుంచి ఒకాయన పరామర్శకు వచ్చి, వెళ్ళబోతూ పుస్తకం సంగతి ఎత్తాడు.

"మిగిలింది నేను చదువుతానండీ," అంది కూతురు.

"సంతోషమమ్మా. గొంతు మారితే వినేవాళ్ళు సర్దుకుంటారు. గది మారితేనే చిరాకు పడతారు. ఆవిడ చదివిందీ, నువ్వు చదివేదీ అతకాలి. అతకకపోతే మాత్రం మొదట్నుంచీ ఇంకొకరి చేత చదివించాల్సొస్తుంది."

"మరి అమ్మ చదివింది?"

"తీసేస్తామమ్మా. ఏం చెయ్యను?"

సీట్లాయన "ఊఁ" అన్నాడు.

మర్నాడు కూతురు వెనక గదిలో ఒక పేజీ చదివి రికార్డు చేసి, తల్లి చదివినదాని పక్కన పెట్టి వినిపించింది. తల్లి పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది. కూతురి గొంతు ఎక్కడో దూరంగా ఉంది.

"బాత్రూంలో చదివినట్టుంది నాన్నా."

ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. గది ఎదురు చెప్పింది. చట్రాలు తడిమి చూస్తే కుట్లు తనవి కావు. దారం వేరు, లోపల దుప్పట్లు ఉండలు ఉండలుగా ఉన్నాయి. తన అక్కకు ఫోన్ చేశాడు.

"అవున్రా, నేనే విప్పాను," అంది అక్క. "మరదలు పోయిన రోజు ఇంటినిండా జనం, ఒకటే చలి. గోడలకి దుప్పట్లు కప్పి మనుషుల్ని ఉత్త నేల మీద పడుకోబెట్టమంటావా? తర్వాత శుభ్రంగా ఉతికి మళ్ళీ పెట్టాను కదా!"

"ఊఁ."

అన్నీ విప్పి, దుప్పట్లు దులిపి, మొదట్లో ఉన్న మడతలే పెట్టి మళ్ళీ కుట్టాడు. వంకర సూది, మైనం రాసిన దారం. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. చప్పట్లు కొడితే గది కొంత తగ్గింది గానీ, పూర్తిగా నోరు మూయలేదు.

అప్పుడు కూతురి చేత పాత రికార్డింగు మొదట్నుంచీ పెట్టించుకుని విన్నాడు. ముందు కిర్రుమని చప్పుడు. తర్వాత ఆమె గొంతు సవరించుకోవడం. ఆ తర్వాతే పుస్తకం. మరో రోజుది పెట్టించాడు. అక్కడా ముందు అదే కిర్రు.

"అది బీరువా తలుపు," అన్నాడు. "చదివే ముందు మీ అమ్మ బీరువా ఎందుకు తెరిచేది?"

"కళ్ళజోడు కోసమేమో."

"కళ్ళజోడు బల్ల మీదే ఉండేది."

ఆమె కుర్చీ వెనకే ఆ చెక్క బీరువా. రెండు తలుపులూ బార్లా తెరిచి చూశాడు. లోపల ఒట్టి హ్యాంగర్లు. ఆమె బట్టలన్నీ అక్క మూటలు కట్టి ముందుగదిలో పెట్టింది, ఈసారి వచ్చినప్పుడు ఎవరికైనా ఇస్తానని. రోజూ ఆ మూటల్ని చుట్టి నడుస్తూనే ఉన్నాడాయన.

"వెనక బట్టలు వేలాడుతుంటే గది మాట్లాడదు," అన్నాడు. "ఆమె కనిపెట్టింది. మనకు చెప్పలేదు."

"మూటలు నేను విప్పనా నాన్నా?"

"నువ్వు హ్యాంగర్లు అందించు."

ఒక్కొక్కటే తీసి తగిలించాడు. ఉన్ని కోటు. మోచేతి దగ్గర అతుకు వేసిన ఆకుపచ్చ స్వెట్టర్. దాని జేబులో దగ్గుబిళ్ళ కాగితం తగిలితే మళ్ళీ జేబులోనే పెట్టేశాడు. బరువైనవి మధ్యకు, పల్చటివి అంచులకు. ఎక్కడ ఎంత దట్టంగా ఉండాలో చూసుకున్నాడు, అంతే. కూతురు శాలువాలో ముఖం పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. ఆయన ఆగి, ఆ శాలువా కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

"నీకేమీ అనిపించట్లేదా నాన్నా?"

"కోటు ఇంకాస్త ఇటు జరగాలి."

జరిపి, చప్పట్లు కొట్టాడు. చప్పుడు అరచేతుల దగ్గరే ఆగిపోయింది.

కూతురు తీరిక దొరికిన మధ్యాహ్నాల్లో వచ్చి రెండు అధ్యాయాలూ చదివింది. ఆయన గుమ్మం బయట స్టూలు వేసుకుని, వీధిలో హారన్ మోగితే చదవడం ఆపమని తలుపు తట్టేవాడు. అంతా అయ్యాక లైబ్రరీ ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు.

"గొంతు మారినట్టు తెలుస్తోంది. గది మాత్రం అదే. ఆవిడది ఉంచేస్తామండీ."

"ఊఁ," అన్నాడాయన.

ఆ వారమే అక్క వచ్చింది. మూటలు మాయమైనందుకు కాస్త గునిసింది. కూతురు తండ్రిని పక్కకు పిలిచింది.

"అలాగే ఉంచేద్దాం నాన్నా."

"దేనికమ్మా? పుస్తకం అయిపోయిందిగా."

వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ముందు గోడల మీది చట్రాలు దించాడు. తర్వాత బీరువాలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి, మడిచి, మళ్ళీ మూటలు కట్టాడు. కోటు ఆఖర్న తీశాడు. గోడలు ఉత్తగా, తెల్లగా ఉన్నాయి. ముందుగదిలో అక్క ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

"అక్కా, పట్టుకెళ్ళు," అన్నాడు, ఎప్పుడూ అనేంత మెల్లగానే. మాట గోడలకు తగిలి ఖంగుమంది.

అక్క వచ్చి తలుపు తోసింది.

"ఎందుకురా అంత అరుపు? నేనేమన్నాను నిన్ను?"

ఆయన గోడల వైపు చూశాడు.

"నేను అరవలేదు," అన్నాడు.