అన్నయ్య చదివిన సీరియల్

మొన్న మధ్యాహ్నం మా కోడలు టీవీలో సీరియల్ చూస్తోంది. ఒక కడుపున పుట్టిన అక్కా తమ్ముళ్ళు ఆస్తి కోసం కేసులు వేసుకుని, కోర్టు మెట్ల మీద ఎదురుపడి మొహాలు తిప్పుకుంటున్నారు. "కథల్లోనైనా వీళ్ళు కలిసుండరేంటి అత్తయ్యా?" అంది విసుగ్గా. ఆ మాటకి నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. కథలో తోడబుట్టినవాళ్ళు విడిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషిని నా జీవితంలో అతన్నొక్కణ్ణే చూశాను.

మాది రెడ్డిగూడెం దగ్గర ఒక పల్లె. ఎండాకాలం వచ్చిందంటే అమ్మానాన్నలతో పాటు మేమూ మామిడితోటల్లో కూలికి పోయేవాళ్ళం. అక్క పెద్దది, తరవాత అన్నయ్య, ఆఖరిదాన్ని నేను. ఒకరోజు అన్నయ్య చెట్టెక్కి రసాలు కోస్తుంటే, అక్క కింద గోనెపట్టా పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. తొడిమ తెగగానే సొన ఎలా చిమ్ముతుందో తోటల్లో పెరిగిన మనకి వేరే చెప్పాలా? ఆ సొన సరిగ్గా అక్క రెండు కళ్ళలోనూ పడింది. నాన్న బస్సులో విజయవాడ తీసుకెళితే డాక్టరు గారు రెండు కళ్ళకీ కట్టు కట్టి, పుండు మానేదాకా విప్పకూడదనీ, చూపు సంగతి అప్పుడుగానీ చెప్పలేననీ అన్నారట.

ఆ రోజు నించి అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు, చెట్టెక్కలేదు, అక్క ఉన్న గదిలోకి రావడానికే జంకాడు. చివరికి అక్కే కేకేసింది. "సొనకేమన్నా కళ్ళున్నాయంట్రా, చూసుకుని పడటానికి? ఇట్రా, వచ్చి ఆ వారపత్రిక చదివి పెట్టు."

సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన తరం కదండీ మనది! నూజివీడులో నాన్నకి పని ఇచ్చే షావుకారు గారింట్లో చదివేసిన పత్రికలు మా ఇంటికి వచ్చేవి. అక్క వాటిని ప్రాణంగా చదువుకునేది. అన్నయ్య చదువు మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేవాడు. అయినా అక్క విసుక్కోకుండా, గోడకి ఆనుకుని వినేది. అమ్మానాన్నలు లేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన ఒక అక్క కథ అది.

ఒక వారం ఆ కథలో, పట్నంలో ఉద్యోగం చేస్తున్న తమ్ముణ్ణి చూడటానికి ఆ అక్క బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. అక్కడికొచ్చి అన్నయ్య ఆగిపోయాడు.

"ఏమైందిరా?" అంది అక్క.

"దాహమేసింది" అని లేచి, చెంబెడు నీళ్ళు తాగొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. అక్క గొంతు వినగానే తమ్ముడు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తుకొచ్చి బుట్ట అందుకున్నాడని చదివాడు. పక్కన కూర్చున్న నేను పత్రికలోకి తొంగి చూశాను. అందులో తమ్ముడు గదిలోంచే భార్యతో, "నేను ఇంట్లో లేనని చెప్పు" అంటున్నాడు. నేను నోరు తెరవబోతే అన్నయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళతోనే బతిమాలాడు. నేను వెనక్కి జరిగి కూర్చున్నాను.

ఇక అక్కణ్ణించి ఆ కథ దారి వేరు, మా ఇంట్లో కథ దారి వేరు. అన్నయ్య తోటలో గంపలు మోస్తూ తనలో తను ఏదో గొణుక్కునేవాడు. వచ్చే వారం భాగం అల్లుకుంటున్నాడని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి మాత్రం దొరికిపోబోయాడు. తమ్ముడి కొడుక్కి అన్నప్రాసన అని చదువుతుంటే, "పోయిన వారం ఆడపిల్ల పుట్టిందన్నావు కదరా?" అని అక్క పట్టుకుంది. "కవలలు" అన్నాడు, తడుముకోకుండా.

కట్టు విప్పిన రోజున ఎడమ కన్ను బాగానే ఉంది గానీ, కుడి కంట్లో తెల్లటి పొర నిలిచిపోయింది. "కనపడుతున్నావురా, ఎందుకేడుస్తావు?" అని అక్క నవ్వుతుంటే, అన్నయ్య ఆసుపత్రి వరండాలో గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చాక కొత్త పత్రిక అక్క చేతిలో పడింది. గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, సీరియల్ మొదటి నించి చివరిదాకా చదివింది. మా ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. చదవడం అయ్యాక అక్క చాలాసేపు అన్నయ్య వంకే చూసింది. తరవాత పత్రిక మడిచి అతని చేతికిచ్చింది.

"దీంట్లో ఏదేదో రాశాడురా. నువ్వే చదువు, వింటాను."

కథ అయిపోయేదాకా అన్నయ్యే చదివాడు, తనకు తోచినట్టే. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరమూ తరవాత ఎత్తలేదు.

ఇప్పుడు అక్క చింతలపూడిలో మనవల మధ్య ఉంది. అన్నయ్య ఈ వయసులోనూ ఏటా తొలికోత రసాలు తనే బస్సులో పట్టుకెళ్ళి ఇచ్చొస్తాడు. అప్పటి పత్రికలు లేవు, మేము కాయలు కోసిన తోట పామాయిల్ తోటైపోయింది, ఒకరు చదువుతుంటే ఇంటిల్లిపాదీ వినే అలవాటూ పోయింది. అక్కకి రెండో కన్ను కూడా మసకబారిందని మనవరాలు ఫోన్‌లో కథలు చదివి వినిపించేది ఏదో పెట్టి ఇచ్చింది. ఎలా ఉందే అని మొన్న అడిగాను.

"గొంతు బాగుంటుందే, ఎక్కడా తడబడదు" అంది అక్క. "కానీ ఉన్నది ఉన్నట్టే చదివేస్తుంది."